పియర్ వార్డు ఉపఎన్నికలో కుళాయి మేస్త్రి

మార్ల్‌సీలో సముద్రపు ఒడ్డున, అలల మీదికి వంతెనలా కట్టిన పియర్ మొదట్లో ఉన్న పాయిఖానా వయసు నూట ఇరవై ఏళ్ళు. దాన్ని చూసుకునే రోలండ్ అటింగ్ వయసు అరవై మూడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండివాళ్ళో చెప్పడం కష్టం.

రోలండ్ కుళాయి మేస్త్రి. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వాళ్ళ నాన్న పీతలు పట్టేవాడు. రోలండ్‌కి పదిహేడేళ్ళప్పుడు ఒక చలికాలం ఇంట్లో పైపులన్నీ గడ్డకట్టి పగిలాయి. మేస్త్రికి కబురు పెడితే పది రోజుల దాకా రాలేనన్నాడు. రోలండ్ వంటింటి తొట్టి కింద దూరి పైపు విప్పాడు, బిగించాడు, కారింది. మళ్ళీ విప్పాడు. ఏడోసారికి చుక్క పడకుండా ఆగింది. ఆ తడినేల మీదే కూచుని ఆగిన చుక్కని అరగంటసేపు చూశాడు. తర్వాత మరి పీతల జోలికి పోలేదు.

పియర్ పాయిఖానా మరమ్మతు పని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కౌన్సిల్ అతనికే ఇస్తోంది. మొగవాళ్ళ వైపు నాలుగు గదులు, ఆడవాళ్ళ వైపు అయిదు. రాగి పైపులు, తల మీద ఇనప ట్యాంకులు, చెయిను లాగితే ధబాలున దూకే నీళ్ళు. ఏ ట్యాంకు బాగుచేసినా దాని మూత లోపలివైపు పెన్సిలుతో తేదీ రాసిపెడతాడు. అది మళ్ళీ చూసేవాడు తనే.

భార్య థెల్మా పోయి ఆరేళ్ళయింది. ఆవిడున్నప్పుడు ఇద్దరి తరఫునా ఆవిడే మాట్లాడేది. ఆ తర్వాత ఆ బరువు బెరిల్ శాడ్ మీద పడింది. బెరిల్ పాయిఖానా పక్కనే టీ కొట్టు నడుపుతుంది. తన దగ్గర టీ తాగినవాళ్ళు తిన్నగా పక్కింటికే వెళ్తారు కాబట్టి ఆ రెండూ ఒకే వ్యాపారమని ఆవిడ లెక్క.

అలాంటి పాయిఖానాని అమ్మేసి వైన్ బారుగా మార్చాలని కౌన్సిల్ అధ్యక్షుడు హ్యూ లాంగ్‌స్టాఫ్‌కి బుద్ధి పుట్టింది. సముద్రం చూస్తూ, పాతకాలపు పింగాణీ మధ్య, జనం ఆలివ్ కాయలు కొరుకుతూ కూచుంటారట.

"నూట ఇరవై ఏళ్ళుగా జనం ఏం చేసిన చోటో అక్కడ ఆలివ్ కాయలా?" అంది బెరిల్.

"కడుగుతున్నాం కదా," అన్నాడు రోలండ్, కొంచెం నొచ్చుకుని.

కౌన్సిల్లో ఇరవై ఒక్కమంది సభ్యులు. అమ్మాలని పదిమంది, వద్దని పదకొండుమంది. ఆ పదకొండోవాడు, పియర్ వార్డు నించి గెలిచిన పెద్దాయన, మే నెలలో తన తోటలోనే కుర్చీలో కూచుని నిద్రలో పోయాడు. ఇప్పుడు పది పది. ఆయన ఖాళీ చేసిన సీటుకి ఉపఎన్నిక వచ్చింది. ఆ సీటు ఎవరిదైతే పాయిఖానా వాళ్ళ చేతిలో ఉంటుంది. లాంగ్‌స్టాఫ్ తన మనిషిని నిలబెట్టాడు. పేరు క్రిస్పిన్ డేకర్. ఇళ్ళు అమ్మిపెట్టే మనిషి. గోడ చెమ్మగా ఉంటే 'సముద్రానికి దగ్గర' అని చెప్పగలడు.

ఒక సోమవారం బెరిల్ కాగితం తెచ్చి, ఆడవాళ్ళ వైపు రెండో గదిలో నిచ్చెన మీదున్న రోలండ్ బూటు తట్టింది.

"ఏమయ్యా, దిగి ఇక్కడ సంతకం పెట్టు."

"ఏంటది?"

"పోటీ చేస్తున్నావు. నిన్ను బలపరుస్తూ రెండు సంతకాలు కావాలన్నారు, పెట్టించేశాను. ఇక నీదే తక్కువ."

రోలండ్ నిచ్చెన మీంచే కాగితం చూశాడు. "నాకు మాట్లాడటం రాదు బెరిల్."

"ఆ డేకర్‌కి వచ్చులే. ఊరు ఊరంతా వాడి మాటలే. కాస్త నోరు మూసుకునేవాడికి ఓటెయ్యాలని జనం తహతహలాడిపోతున్నారు."

"గెలిస్తే?"

"గెలిస్తే ఒక్కసారి వెళ్ళి చెయ్యెత్తు. నీకు చేతులెత్తడం అలవాటేగా, పొద్దస్తమానం ట్యాంకుల్లోనే ఉంటాయి."

రోలండ్ చెవి వెనకాల పెన్సిలు తీశాడు. బెరిల్ దాన్ని లాక్కుని పెన్ను ఇచ్చింది.

ప్రచారం మర్నాడు మొదలైంది. డేకర్ రంగుల కరపత్రం వేయించాడు. అందులో అతను ఒక ఫోటోలో గుంట వైపు వేలు చూపిస్తూ, ఒక ఫోటోలో చెత్తబుట్ట వైపు వేలు చూపిస్తూ, ఒక ఫోటోలో సముద్రం వైపు వేలు చూపిస్తూ ఉన్నాడు. రోలండ్ కరపత్రం బెరిల్ రాసింది. ఒకే వాక్యం: 'పాయిఖానా ఉండాలా వద్దా, మీ ఒంటినే అడగండి.'

క్యాప్‌స్టన్ వీధిలో మొదటి తలుపు కొట్టారు. మిసెస్ ట్వైట్ అనే ఎనభయ్యేళ్ళావిడ తలుపు తీసింది.

"ఓటు కోసమా?" అంది.

"అవునండీ," అంది బెరిల్. "ఈయన రోలండ్ అటింగ్, పియర్ వార్డు..."

"ఈయన నాకు తెలీదా! నాయనా, సరిగ్గా వేళకొచ్చావు. పై కుళాయి కారుతోంది. నిద్రపట్టి చస్తే కదా."

రోలండ్ లోపలికి వెళ్ళాడు. జేబులో పానా ఎప్పుడూ ఉంటుంది. ముప్పావుగంట తర్వాత బయటికొచ్చాడు. బెరిల్ గేటు దగ్గర కరపత్రాలతో విసురుకుంటూ నిలబడి ఉంది.

"ఓటేస్తానందా?"

"అడగలేదు. వాషరు పోయింది."

పక్కింట్లో షవరు. దాని పక్కింట్లో నీళ్ళు దిగని తొట్టి. సాయంత్రానికి క్యాప్‌స్టన్ వీధిలో తొమ్మిది ఇళ్ళు మాత్రమే అయ్యాయి, కానీ ఆ తొమ్మిదిళ్ళలో చుక్క కారడం లేదు.

మూడోరోజు పొద్దున్నే మిస్ డనక్ దగ్గర్నించి పిలుపొచ్చింది. ఆవిడ కౌన్సిల్ కార్యదర్శి, ఈ ఎన్నికకి అధికారి కూడా. బల్ల మీద పెన్సిళ్ళు కొలత పెట్టినట్టు వరసగా ఉంటాయి. అందుకని రోలండ్‌కి ఆవిడంటే గౌరవం.

"అటింగ్ గారూ, మీరు ఓటర్ల ఇళ్ళలో ఉచితంగా మరమ్మతులు చేస్తున్నారని డేకర్ గారు ఫిర్యాదు చేశారు."

"కారుతున్నాయండీ."

"కారనివ్వండి. ఓటరుకి ఉచితంగా ఏది చేసినా చట్టం దాన్ని లంచం అంటుంది. వాషరైనా సరే. జైలుకి పంపొచ్చు."

రోలండ్ ఆలోచించాడు. "డబ్బు తీసుకుంటే?"

మిస్ డనక్ పుస్తకం తిరగేసింది. చాలాసేపు తిరగేసింది. "మీ మామూలు కూలి తీసుకుంటే అది వ్యాపారం," అంది చివరికి. "దాని గురించి ఇందులో ఏమీ లేదు."

అక్కణ్ణించి తిన్నగా వెళ్ళి ఆ తొమ్మిదిళ్ళలోనూ కూలి వసూలు చేశాడు. ఓటర్లకి డబ్బులిచ్చిన అభ్యర్థుల గురించి మార్ల్‌సీ జనం విన్నారు గానీ, ఓట్లడగడానికొచ్చి ఓటర్ల దగ్గరే డబ్బు పట్టుకుపోయినవాణ్ణి చూడటం అదే మొదలు.

"ఒక్కో తలుపూ కొట్టి ఒక్కో ఓటూ పోగొట్టుకుంటున్నావు కదయ్యా!" అని బెరిల్ నెత్తి కొట్టుకుంది.

"తక్కువే తీసుకున్నాను."

"ఎంత?"

"మామూలే."

అయితే బెరిల్ అనుకున్నట్టు జరగలేదు. మిసెస్ ట్వైట్ చర్చికి వెళ్ళి, తన కుళాయి బాగుచేసి కూలి కూడా అడిగిన అభ్యర్థి గురించి అందరికీ చెప్పింది. "అడిగాడంటే మనిషి నికార్సైనవాడే. ఆ డేకర్ నాకు ఊరికే నవ్వులిచ్చి పోయాడు, ఏం చేసుకోను?" అందట. అప్పట్నించి రోలండ్‌నే ఇళ్ళకి పిలవడం మొదలెట్టారు.

ఆ తర్వాతి వారం గురువారం పోలింగ్. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట క్లబ్బులో పెట్టెలు పెట్టారు. జనం కుక్కల్ని పట్టుకుని, ఐస్‌క్రీములు నాకుతూ వచ్చి ఓట్లేశారు. రోలండ్ మధ్యాహ్నం పని బట్టల్లోనే వచ్చాడు. ఓటు గుర్తు పెట్టే అరలో తాడు కట్టిన పెన్సిలు మొనలేకుండా అరిగిపోయి ఉంది. ఆ మొద్దు పెన్సిలుతో గీత గీయడానికి అతనికి మనసొప్పలేదు. జేబులోంచి కత్తి తీసి చెక్కాడు. ఆ అరలో అయ్యాక పక్క అరల్లోవీ చెక్కాడు. బల్ల దగ్గర కూచున్న గుమాస్తాలు మొహమొహాలు చూసుకున్నారు. పోలింగు కేంద్రంలో పెన్సిళ్ళు చెక్కకూడదని రూలు ఏదీ కనబడలేదు.

శుక్రవారం పొద్దున్న టౌన్ హాల్లో లెక్కింపు. మొదటి లెక్కకి మూడు వందల ఎనభయ్యారు, మూడు వందల ఎనభయ్యారు. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ అంతే. ఇక పక్కన పెట్టిన అనుమానపు ఓట్లే మిగిలాయి. మిస్ డనక్ వాటిని బల్ల మీద ఒక్కొక్కటే పరిచింది. ఒకదాని మీద ఇద్దరికీ ఇంటూ గుర్తులున్నాయి. చెల్లదు. ఒకదాని మీద 'అందరూ దొంగలే' అని రాసి ఉంది. చెల్లదు. ఒకదానికి ఎవరో కేకు తింటూ వెన్న అంటించారు గానీ గుర్తే పెట్టలేదు. చెల్లదు.

చివరిది మిగిలింది. దాని మీద ఇంటూ గుర్తు లేదు. రోలండ్ అటింగ్ పేరుకి ఎదురుగా ఉన్న గడిలో, ఆ గడి దాటకుండా, చిన్న బొమ్మ ఉంది. కూచునే దొడ్డి, పైన ట్యాంకు, వేలాడే చెయిను, చెయిను చివర పిడి. అంత చిన్న గడిలో పిడికి గాట్లు కూడా పెట్టారు.

డేకర్ మెడ ముందుకు చాచాడు. "ఇది అవమానం మేడమ్! ఈ ఓటరు అభిప్రాయం స్పష్టంగా ఉంది. అటింగ్ గారు దొడ్డిలాంటివాడు అంటున్నారు."

"నువ్వుండవయ్యా!" అంది బెరిల్. ఆవిడ ముఖం ఎందుకో బాగా ఎర్రబడింది. "అది మెచ్చుకోలు!"

"దొడ్డి బొమ్మ మెచ్చుకోలా?"

"మనిషిని బట్టి ఉంటుంది. నీ పేరు పక్కనుంటే నేనూ అవమానమనే అందును."

మిస్ డనక్ చెయ్యెత్తింది. "గుర్తు గడిలోనే ఉంది. ఇంకెక్కడా ఏమీ లేదు. అటింగ్ గారూ, మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

రోలండ్ కళ్ళజోడు పెట్టుకుని బల్ల మీదికి వంగాడు. హాలంతా ఆగింది. ఈ పోటీ మొత్తంలో అతను నలుగురిలో మాట్లాడగా ఎవరూ వినలేదు.

"చెయిను ఎడమవైపుంది," అన్నాడు.

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అతను ఇంకేమైనా అంటాడేమోనని చూశారు. అతను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. బెరిల్ మాత్రం పియర్ వైపున్న కిటికీలోంచి తదేకంగా చూస్తూ నిలబడింది.

"మనిషి అవమానించాలనుకుంటే గడి బయట చాలా చోటుంది," అంది మిస్ డనక్. "గడిలో ఇంత ఓపిగ్గా గీశారంటే ఈయన్నే ఎంచుకున్నట్టు. చెల్లుతుంది."

అలా రోలండ్ అటింగ్ దొడ్డి బొమ్మ ఒక్కదాని మెజారిటీతో గెలిచాడు.

అసలు చిక్కు సోమవారం వచ్చింది. ప్రమాణం చేయించాక మిస్ డనక్ ఇంకో కాగితం ముందు పెట్టింది. కౌన్సిల్ నించి మీకు ఏమైనా రాబడి ఉందా అని అందులో ఒక ప్రశ్న.

"ఉందండీ. పియర్ పాయిఖానా పని."

మిస్ డనక్ పెన్సిలు కింద పెట్టింది. ఆవిడ ముఖంలో నిజంగా జాలి కనబడింది. "అయితే అటింగ్ గారూ, ఆ పాయిఖానా చర్చకొచ్చినప్పుడు మీరు ఇందులో మీకు ఆసక్తి ఉందని చెప్పి గదిలోంచి బయటికి వెళ్ళాలి. సొంత రాబడిని చట్టం ఆసక్తి అంటుంది. మాట్లాడకూడదు. ఓటెయ్యకూడదు."

"నేను నిలబడిందే దానికోసం కదండీ."

"తెలుసు."

"మరి ముందే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. పైగా నిలబడకూడదని రూలు లేదు. నిలబడొచ్చు, గెలవొచ్చు. చెయ్యెత్తడం ఒక్కటే కుదరదు."

టీ కొట్టు దగ్గర ఆ సంగతి విని బెరిల్ పళ్ళెం నేలకేసి కొట్టింది. పగిలింది. అతను బయటికి వెళ్తే మళ్ళీ పది పది. సమానమైతే అధ్యక్షుడికి రెండో ఓటు. అధ్యక్షుడు లాంగ్‌స్టాఫ్. అంటే ఊరు ఊరంతా కదిలి, పెన్సిళ్ళన్నీ చెక్కి, చచ్చీ చెడీ గెలిచింది పాయిఖానాని అమ్మడానికన్నమాట.

"ఆ పని వదిలెయ్. కాగితం రాసిచ్చెయ్," అంది బెరిల్.

"ఇప్పుడు వదిలినా ఈ ఏటి కూలి ముట్టింది కాబట్టి లెక్కలోకి వస్తుందట. అడిగాను." రోలండ్ వంగి పెంకులు ఏరాడు. "పైగా వదిలితే చూసేవాడెవడు?"

కౌన్సిల్ సమావేశం జూన్ చివరి బుధవారం, సాయంత్రం ఆరున్నరకి. బయట ఇంకా ఎండ ఉంది. సమావేశాలకి టీ అందించేది బెరిలే. ఆ రోజు పెద్ద పాత్ర నిండా కాచింది. మనసు కుతకుతలాడుతుంటే ఆవిడ టీ పోస్తూనే ఉంటుంది. ఒక్కో సభ్యుడూ మూడేసి కప్పులు తాగాడు.

పాయిఖానా అంశం రాగానే రోలండ్ లేచాడు. "నాకు ఇందులో ఆసక్తి ఉంది," అన్నాడు, నేర్పిన మాట నేర్పినట్టు. టోపీ తీసుకుని బయటికి వెళ్ళాడు. తలుపు అతని వెనకాల మూసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ పని మీద లోపల మాటలు మొదలయ్యాయి.

వసారాలో బెంచీ మీద కూచున్నాడు. లాంగ్‌స్టాఫ్ గొంతు తలుపు సందులోంచి వస్తోంది. అది వినకుండా ఉండటానికి రోలండ్ భవనాన్ని విన్నాడు. అతనికి అది అలవాటు. గోడల్లో నీళ్ళు ఎలా పోతున్నాయో వింటాడు. ఆ రోజు కింద నేలమాళిగలోంచి పాము బుస కొట్టినట్టు చప్పుడు వస్తోంది.

ఆ చప్పుడు దేనిదో అతనికి తెలుసు. నీళ్ళు భవనంలోకొచ్చే పెద్ద వాల్వు. అది పోతుందని కౌన్సిల్‌కి మూడేళ్ళలో మూడు ఉత్తరాలు రాశాడు. కౌన్సిల్ దాని మీద ఒక ఉపసంఘం వేసింది. ఆ ఉపసంఘం రెండుసార్లు కూచుని టీ తాగింది.

కిందికి దిగేసరికి నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. వాల్వు మెడ దగ్గర పగిలి గోడకేసి చిమ్ముతోంది. రోలండ్ పైకి పరిగెత్తి, వీధిలో ఇనప మూత ఎత్తి, లోపలి కుళాయి తిప్పే పొడుగు తాళంచెవి దింపి భవనానికి మొత్తం నీళ్ళు కట్టేశాడు. తిరిగొచ్చి బెంచీ మీద కూచున్నాడు. బూట్లలో నీళ్ళు బయటికి వంపుకున్నాడు.

పావుగంటకి మొదటి సభ్యుడు బయటికొచ్చి వసారా చివర గదిలోకి వెళ్ళాడు. చెయిను లాగిన చప్పుడు. ఇంకోసారి లాగిన చప్పుడు. ఆ తర్వాత ఇద్దరు. ఆ తర్వాత నలుగురు. చివరికి మిస్ డనక్ వచ్చింది.

"అటింగ్ గారూ, నీళ్ళు రావడం లేదు."

"కట్టేశానండీ. కింద వాల్వు పోయింది. వదిలితే మీ దస్త్రాలన్నీ ఈదుతాయి."

"బాగుచెయ్యలేరా?"

"సామాను కావాలి. రేపు పొద్దున్న దొరుకుతుంది."

"మరి ఇప్పుడు వీళ్ళంతా ఏం చెయ్యాలి?" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

రోలండ్ జేబులోంచి తాళాలగుత్తి తీశాడు. పియర్ పాయిఖానా ఆరింటికే మూస్తారు. రోడ్డు దాటితే అదే.

ఆ సాయంత్రం పియర్ ముందు షికారు చేస్తున్న జనం కౌన్సిల్ మొత్తాన్ని వరసలో చూశారు. అమ్మాలన్న పదిమందీ, వద్దన్న పదిమందీ పార్టీ మరిచిపోయి ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. లాంగ్‌స్టాఫ్ ఎనిమిదోవాడు. మెడలో అధ్యక్షుడి గొలుసు, కాళ్ళు మాత్రం దగ్గరికి పెట్టుకుని, ఒకసారి ఈ కాలి మీద ఒకసారి ఆ కాలి మీద నిలబడ్డాడు.

"ఆలివ్ కాయలు పెట్టమంటారా అధ్యక్షా?" అని కొట్టులోంచి అడిగింది బెరిల్.

"మిసెస్ శాడ్, దయచేసి."

"ఇంకో కప్పు టీ అయినా?"

లాంగ్‌స్టాఫ్ కళ్ళు మూసుకున్నాడు.

అతని వంతు వచ్చింది. లోపలికి వెళ్ళాడు. కాసేపటికి నీళ్ళు దూకిన చప్పుడు రోడ్డు అవతలికి వినబడింది. బయటికొచ్చినప్పుడు అతని ముఖం చర్చిలోంచి వస్తున్నవాడి ముఖంలా ఉంది. గుమ్మం దగ్గర తాళాలగుత్తి పట్టుకుని నిలబడ్డ రోలండ్‌ని చూశాడు.

"చాలా... శక్తివంతంగా ఉంది, అటింగ్ గారూ."

"తిన్నగా కిందికి లాగాలండీ. మీరు పక్కకి లాగారు. ఆ చప్పుడు వేరు."

మళ్ళీ సమావేశమయ్యారు. మళ్ళీ రోలండ్ బెంచీ మీద కూచున్నాడు. లోపల లాంగ్‌స్టాఫ్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మన పూర్వీకుల దూరదృష్టి అన్నాడు, రాగి పనితనమన్నాడు, ఊరి వారసత్వమన్నాడు, వాటిని తనెప్పుడూ గౌరవిస్తూనే వచ్చానన్నాడు. అదంతా అయ్యాక చెయ్యెత్తాడు. అమ్మాలన్నవాళ్ళు తొమ్మిదిమంది, వద్దన్నవాళ్ళు పదకొండుమంది.

రోలండ్ మర్నాడు పొద్దున్న టౌన్ హాల్లో కొత్త వాల్వు బిగించాడు. చేతులు తుడుచుకుని, మేడెక్కి, మిస్ డనక్‌కి రాజీనామా ఇచ్చాడు. 'పని ఉంది' అని రాశాడు, అంతే. ముప్ఫై రోజులు కూడా నిండని అతని పదవీకాలం గురించి కౌన్సిల్ పుస్తకాల్లో ఒక్క వాక్యమే ఉంది: సభ్యుడు అటింగ్ తన ఆసక్తిని ప్రకటించి గదిలోంచి బయటికి వెళ్ళారు.

"మళ్ళీ ఉపఎన్నికా!" అంది బెరిల్. ఆవిడ ఆడవాళ్ళ వైపు గుమ్మంలో రెండు కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. రోలండ్ లోపల నిచ్చెన మీదున్నాడు.

"నువ్వు నిలబడు. సంతకం నేను పెడతాను."

"టీ ఇస్తున్నానుగా. నాకూ ఆసక్తి ఉన్నట్టే."

"అయితే మిసెస్ ట్వైట్‌ని నిలబెట్టు."

బెరిల్ నవ్వింది. తర్వాత అతను ఏ గదిలో ఉన్నాడో చూసింది. మూడో గది. తొమ్మిది గదుల్లో అదొక్క దానికే చెయిను ఎడమవైపుంటుంది. ఎవడో పాతకాలపు మేస్త్రి చేసిన పొరపాటు. రోలండ్ చేతిలో పానా ఉంది, చెయిను తగిలించే కొత్త ఇనప మూలకట్టు భుజం మీదుంది.

"దాన్నేం చేస్తున్నావు?" అంది.

"కుడివైపుకి మారుద్దామని. మిగతావాటిలా."

"వద్దు," అంది బెరిల్. "అది అలాగే ఉండనీ. నాకు అలవాటైపోయింది."

రోలండ్ కిందికి చూశాడు. కప్పులోంచి ఆవిరి వస్తోంది. ఆవిడ సముద్రం వైపు చూస్తోంది.

"నీ మూలంగా ఎన్నిక పోయుండేది," అన్నాడు. "ఇంటూ పెడితే ఏం పోయింది?"

"పెన్సిలు అంత బాగా చెక్కుంది మరి. ఊరికే ఇంటూ పెట్టబుద్ధి కాలేదు."

రోలండ్ మూలకట్టు దింపి పక్కన పెట్టాడు. ట్యాంకు మూత తీసి, లోపలివైపు ఆ రోజు తేదీ రాసి, మళ్ళీ మూశాడు.

"పిడి బాగా వేశావు," అన్నాడు, టీ కోసం చెయ్యి చాపుతూ.